స్టేజీ గొంతు ఆడియోబుక్‌లో ఎందుకు తేలిపోతోంది? ఫైలు వెనక్కి వచ్చినవాళ్ల కోసం సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నాటకాలాడేవాళ్లు ఆడియోబుక్కులు చదవడం మొదలుపెడితే మొదటి ఫైళ్లు వెనక్కి రావడం మామూలే. ఆ ఫైళ్లు విని సరిచేయడమే నా పని కాబట్టి చెబుతున్నా, గొంతు బాగోలేక వెనక్కి వచ్చేవి చాలా తక్కువ. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో బహుమతులు తెచ్చుకున్న గొంతులే ఎక్కువగా తిరిగొస్తాయి. కారణం వెతికితే ఒకటి స్టేజీ అలవాటు, రెండోది గది. మైకు ఖరీదు ఎక్కడో ఆ తర్వాత వస్తుంది, అందుకే ఏ మైకు కొనాలో ఇక్కడ చెప్పను. మీ ఫైలు మీద వచ్చిన కంప్లైంట్ ఏదో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లిపోండి.

"అరుస్తున్నట్టుంది" అంటున్నారు

వాల్యూమ్ తగ్గించి మళ్లీ పంపుతారు, మళ్లీ అదే మాట అనిపించుకుంటారు. అరుపు వాల్యూమ్‌లో లేదండీ, గొంతు బిగువులో ఉంది. రవీంద్రభారతిలో చివరి వరసకు మాట చేరాలంటే అచ్చుల్ని సాగదీయాలి, హల్లుల్ని గట్టిగా కొట్టాలి, ప్రతి వాక్యాన్నీ ఒక మెట్టు పైన అందుకోవాలి. 1885లో సురభి మొదలైనప్పుడు మన ఊళ్లలో మైకూ లేదు, కరెంటూ లేదు. ఆ రోజుల అవసరం కొద్దీ పుట్టిన పద్ధతే తరాలు దాటి మీ దాకా వచ్చింది. అది తప్పు కాదు, ఇక్కడికి పనికిరాదంతే. వినేవాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బస్సులో నిలబడి ఉంటారు, లేదంటే వంటింట్లో కూరగాయలు తరుగుతుంటారు. వాళ్లకు మీరు నేరుగా చెవిలో మాట్లాడుతున్నారు.

ఏం చేయాలి? మొదటి వారం రోజులూ ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని చదవండి, భార్యో భర్తో స్నేహితుడో ఎవరైనా సరే, కాకపోతే మైకుకు అటుపక్కనే ఉండాలి. ప్రేక్షకులకు చెబుతున్నానన్న ఊహ వచ్చిన క్షణమే గొంతు పైకి లేస్తుంది, మనిషి కళ్లెదుట ఉంటే లేవదు. అలాగని గుసగుసలోకి దిగకండి, అందులో మాట కన్నా ఊపిరే ఎక్కువ వినిపిస్తుంది. ఆకాశవాణి పాత నాటకాలు దొరికితే వినండి. హైదరాబాద్ కేంద్రంలో శారదా శ్రీనివాసన్ గారు నటించినవి ముఖ్యంగా వినాలి. కోపం, ఏడుపు, వెటకారం అన్నీ ఉంటాయి, ఎక్కడా గొంతు చించుకోవడం ఉండదు. నా ఉద్దేశంలో స్టేజీ నటులకు ఏ వాయిస్ కోర్సు కన్నా అదే మంచి పాఠం.

"గొంతు బాగుంది, కథే అర్థం కావట్లేదు"

ఇది విన్నప్పుడు చాలామంది నొచ్చుకుంటారు గానీ ఈ కంప్లైంట్ చాలాసార్లు నిజమే. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "సీతమ్మ తెల్లవారకముందే లేచి, పెరట్లో ముగ్గేసి, కొడుకు తలుపు దగ్గర కాసేపు నిలబడి, ఊరు వదిలి వెళ్లిపోయింది" అన్న వాక్యంలో అసలు కబురంతా చివర్లోనే ఉంది. స్టేజీ నటులు వాక్యాన్ని బలంగా అందుకుంటారు, చివరికొచ్చేసరికి ఊపిరి అయిపోయి మాట జారిపోతుంది. అక్కడ చెయ్యి ఊపుతారు, తల తిప్పుతారు, ఎదుటి పాత్ర ఉలిక్కిపడుతుంది, కాబట్టి మాట జారినా ప్రేక్షకుడికి సంగతి అందుతుంది. ఇక్కడ ఆ సాయాలేవీ లేవు, "వెళ్లిపోయింది" వినపడకపోతే సీతమ్మ ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు.

పెన్సిల్ తీసుకుని, పొడుగు వాక్యం కనపడిన ప్రతిచోటా చివరి క్రియ కింద గీత పెట్టండి. దానికి ముందు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో చిన్న అడ్డగీత కొట్టండి. కామా ఉన్నచోటల్లా ఆగాలన్న రూలేమీ లేదు, అది అచ్చులో కంటి కోసం పెట్టింది. పొడుగు సమాసాల దగ్గర కూడా ఇదే పని, ఎక్కడ విడగొడితే అర్థం నిలుస్తుందో ముందే గుర్తు పెట్టుకోవాలి, చదువుతూ చదువుతూ తేల్చుకుందామంటే కుదరదు.

దీనికి తోబుట్టువు ఇంకోటుంది. "ఎప్పుడొచ్చావు?" అన్నాడు రాఘవయ్య, తలెత్తకుండానే. మీరు ఆ ప్రశ్నను సంబరంగా చదివేశారు, తర్వాత చూస్తే ఆయన తలే ఎత్తలేదు! మన కథల్లో ఎవరన్నారో, ఎలా అన్నారో చాలాసార్లు మాట అయిపోయాకే తెలుస్తుంది. నాటకం ప్రతిలో అయితే పాత్ర పేరు ముందే ఉంటుంది, బ్రాకెట్లో భావం కూడా రాసి ఉంటుంది, ఆ అలవాటుతో కథను చూడకుండా పట్టుకుంటే ప్రతి పేజీలో ఒక చోటైనా తప్పుతారు. పుస్తకం మొత్తం ఒకసారి చదవకుండా మైకు ఆన్ చేయొద్దు. మార్జిన్‌లో పాత్ర పేరులో మొదటి అక్షరం, భావం ఒక ముక్కలో రాసుకోండి. "అన్నాడు", "అంది" అన్న మాటల్ని మాత్రం నటించకండి, మామూలుగా అనేసి ముందుకు పోండి.

"నాటకంలా ఉంది"

దీన్ని పొగడ్త అనుకుని మోసపోయినవాళ్లున్నారు. స్టేజీ మీద మీకు ఒకటే పాత్ర. నవలలో పాతికో ముప్ఫయ్యో ఉంటాయి, వాటన్నిటి కన్నా పెద్ద పాత్ర కథ చెప్పేవాడిది, మీరు మర్చిపోయేది సరిగ్గా వాడినే. ఒక్కో పాత్రకూ ఒక్కో శ్రుతి పెట్టుకుంటే రెండో అధ్యాయం దాకా సరదాగానే ఉంటుంది, పదో అధ్యాయంలో మునసబు గొంతు కరణానికి వచ్చేస్తుంది.

ఆడ పాత్రలకు మగవాళ్లు కీచుగొంతు పెట్టడం మరీ ఇబ్బంది. స్థానం నరసింహారావు గారు ఆడవేషాలకు అంత పేరు తెచ్చుకున్నారంటే ఆయనకు చీర కట్టు, నడక, చూపు అన్నీ తోడున్నాయి. చెవికి ఒక్క గొంతే అందుతుంది, అది కీచుమంటే ఏడుపు సన్నివేశంలో కూడా నవ్వొస్తుంది. శ్రుతి వదిలేసి మాట నడక మార్చండి. ఒకరు ఆలోచించి మాట్లాడతారు, ఒకరు ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండానే అందుకుంటారు, ఒకరు ప్రతి మాటకూ ముందు చిన్నగా ఆగుతారు, పాత్రల్ని వేరుచేయడానికి ఇంతకన్నా అక్కర్లేదు. ముఖ్యమైన పాత్రలవి పది సెకన్ల క్లిప్పులు ఫోన్‌లో దాచుకుని, రికార్డింగ్‌కు కూర్చునే ముందు ఒకసారి వినండి.

యాసలతో ఇంకా జాగ్రత్త. హాస్యనాటికల్లో శ్రీకాకుళం యాస అనో, తెలంగాణ యాస అనో వాడే బండ అనుకరణ ఆ ప్రాంతంవాళ్లకు చెవిలో ముల్లు. అక్కడి మనిషితో ఆ డైలాగులు ఒకసారి చదివించుకుని వినండి, రాగం పట్టుకోండి, రచయిత రాసిన దానికి మించి ఒక్క మాట కూడా వంచకండి.

ప, బ, భ దగ్గర ఠప్‌మంటోంది

పద్యనాటకం చేసినవాళ్లకు ఇది ఎక్కువ, ఎందుకంటే వత్తులు స్పష్టంగా పలకాలని చిన్నప్పటి నుంచీ కొట్టి నేర్పించి ఉంటారు. భీముడూ ఘటోత్కచుడూ ఒకే వాక్యంలో వస్తే మైకు పని అయిపోయినట్టే. పలకడం మార్చుకోవద్దు, అది మీ ఆస్తి. మైకును నోటికి ఎదురుగా కాకుండా ఒక మూలగా, 45 డిగ్రీల వాటంలో పెట్టండి, మధ్యలో పాప్ ఫిల్టర్ (ఊపిరి దెబ్బను ఆపే పలచటి తెర) ఉంచండి. దూరం బెత్తెడు కన్నా ఎక్కువ, జానెడు కన్నా తక్కువ. మరీ దగ్గరకొస్తే చాలా మైకుల్లో కింది స్థాయి పెరిగిపోయి గొంతు బొంగురుగా ఉబ్బుతుంది, దాన్ని గంభీరం అనుకుని మురిసిపోయేవాళ్లున్నారు. ఠప్ శబ్దం ఇంకా మిగిలిపోతే ఎడిటింగ్‌లో 80 హెర్ట్జ్ కన్నా కింది శబ్దాల్ని కోసేయొచ్చు.

బావిలోంచి మాట్లాడినట్టు ఉంది, వెనక రొద ఉంది

మన ఇళ్లలో నేల గ్రానైటో టైల్సో, గోడలు ఖాళీ, అందుకే మాట గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టి చూడండి, దాని వెనక ప్రతిధ్వని తోక వినిపిస్తే ఆ గది పనికిరాదు. బట్టల బీరువా ఉన్న చిన్న గది, తలుపు వెనక వేలాడే దుప్పట్లు, మీ వెనకా పక్కలా రెండు బొంతలు, కింద పరుపు, చాలావరకు పని జరిగిపోతుంది. గుడ్ల ట్రేలు అంటించమని ఎవరైనా చెబితే వినకండి, అవి మాటను పెద్దగా పీల్చవు, బయటి చప్పుడును అసలే ఆపవు.

ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు కారు తాళంచెవి అందులో పెట్టండి, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. తెల్లవారుజాము ప్రశాంతంగా ఉంటుందని అందరూ అంటారు, ధనుర్మాసంలో గుడి మైకు పక్కన ఉన్నవాళ్లను అడిగితే తెలుస్తుంది. మీ వీధి ఏ గంటకు నిద్రపోతుందో మీరే గమనించుకోవాలి.

గంజి పెట్టిన లాల్చీ, పట్టుచీర, గాజులు, చేతి గడియారం అన్నీ మైకుకు వినపడతాయి. చేతులు తిప్పకుండా నటుడు మాట్లాడలేడు, తిప్పండి, మెత్తటి పాత నూలు బట్టలేసుకుని తిప్పండి. కాగితం బదులు ట్యాబ్ మీద చదివితే పేజీ చప్పుడు కూడా ఉండదు.

ఇవేవీ చేయకుండా సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ గట్టిగా లాగితే రొద పోతుంది, దాంతోపాటు గొంతులో జీవం కూడా పోయి నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. అలాంటి ఫైలును నేను కూడా బాగుచేయలేను.

నోట్లో చిటపటలు

నోరు ఎండితే వస్తాయి. రికార్డింగ్ ముందు కాఫీ, పెరుగన్నం, వక్కపొడి వద్దు. నీళ్లు గంట ముందు నుంచే కొద్దికొద్దిగా తాగండి, మైకు ముందు గుటగుటా తాగితే లాభం లేదు. పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ ముక్క చాలామందికి పనిచేస్తుంది. ఖాళీ కడుపుతో కూర్చుంటే అది కూడా మాట్లాడుతుంది, కాస్త తిని కూర్చోండి.

"లెవెల్స్ సరిగా లేవు"

ఆడియోబుక్కులు అమ్మే ఆడిబుల్ వాళ్లకు ఫైళ్లు పంపే వేదిక ఏసీఎక్స్, దాని కొలతలు ఇవి: సగటు స్థాయి మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్ మధ్య, శిఖరం మైనస్ 3 దాటకూడదు, మౌనంలో రొద మైనస్ 60 మించకూడదు, 44.1 కిలోహెర్ట్జ్, ఎంపీ3 అయితే 192 కేబీపీఎస్ లేదా పైన. మీకు పని ఇచ్చేవాళ్ల కొలతలు వేరుగా ఉండొచ్చు, ముందే అడగండి, చెప్పకపోతే వీటిని పెట్టుకోండి.

నటులు ఇందులో ఫెయిలయ్యేది ఒకే కారణంతో. గుసగుస నుంచి గర్జన దాకా ఒకే పేరాలో వెళ్లిపోతారు. గెయిన్ (మైకు గొంతును ఎంత పెంచి తీసుకోవాలన్నది) పెట్టేటప్పుడు పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద గొంతు కావలసిన పేరా చదివి, శిఖరాలు మైనస్ 12, మైనస్ 6 మధ్య ఉండేలా చూసుకోండి. అరిచే చోట తల కొంచెం వెనక్కి, పక్కకు తిప్పండి. హెచ్చుతగ్గుల్ని సాఫ్ట్‌వేర్‌లో అదుపుచేసే కంప్రెసర్, లిమిటర్ ఆ తర్వాత మాట.

గంట ఆడియోకి రోజంతా పడుతోంది

స్టేజీ మీద మాట తప్పితే కప్పిపుచ్చుకుని సాగిపోవాలి, ఆగితే నాటకం పోతుంది. ఇక్కడ అలా సాగిపోతే ఆ తప్పులన్నీ తర్వాత ఒక్కొక్కటీ వెతకాలి. పంచ్ అండ్ రోల్ నేర్చుకోండి: తప్పిన వెంటనే ఆపి, ముందు వాక్యం నుంచి వినిపించుకుని, దాని మీదే కొనసాగించడం. ఉచితంగా దొరికే ఆడాసిటీలో 2018 నుంచి ఈ సదుపాయం ఉంది. మొదట చిరాకుగా ఉంటుంది, అలవాటయ్యాక ఎడిటింగ్ టైమ్ బాగా తగ్గుతుంది.

గొంతు పోతోంది అనేవాళ్లకు కూడా ఇక్కడే చెబుతా. నాటకంలో మిగతావాళ్లు మాట్లాడేటప్పుడు మీకు విశ్రాంతి, ఇక్కడ ఎవరూ మాట్లాడరు. ముప్పావు గంటకోసారి లేవండి, ప్రదర్శన ఉన్న రోజు రికార్డింగ్ పెట్టుకోకండి, బొంగురు మూడు వారాలు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి, మిరియాల పాలతో నెట్టుకు రావద్దు.

"ఉచ్చారణ తప్పులున్నాయి"

నాటకంలో దర్శకుడు సరిచేస్తాడు, ఇక్కడ పుస్తకమే దిక్కు. ల-ళ, న-ణ, స-శ సంగతి నటులకు కొత్త కాదు, ఇబ్బంది పెట్టేది చ, జ. చాప, చుక్క, జడ, జొన్నల్లో పలికే అక్షరం చక్రం, జలంలో పలికేది కాదు, అచ్చులో మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. సంవత్సరాలు, ఊళ్ల పేర్లు ఎలా చదవాలో ఒక చీటీ రాసుకుని పుస్తకమంతా ఒకేలా చదవండి.

అన్నీ సరిచేసుకున్నా పని రావట్లేదు

ఏం శాంపిల్ పంపారు? హార్మోనియంతో పాడిన పద్యం, పరిషత్ ప్రదర్శన వీడియో పంపితే, మీరు మంచి నటులని తెలుస్తుంది, పుస్తకం చదవగలరని తెలియదు. రెండేసి నిమిషాలవి మూడు చేయండి: వట్టి కథనం ఒకటి, ఇద్దరు మాట్లాడుకునేది ఒకటి, కథ కానిది ఒకటి. చదవడానికి ఏది తీసుకోవాలంటే, మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, వాళ్లు రాసినవి ధైర్యంగా చదువుకోవచ్చు. సంభాషణ సాధనకు శ్రీపాద వారి కథలను మించినవి నాకు తెలియవు. చలం 1979లో పోయారు, కాబట్టి 2039 చివరి దాకా అనుమతి లేకుండా బయట పెట్టొద్దు.

దాసుభాషితం లాంటి తెలుగు యాప్‌లకు పంపేముందు వాళ్ల పుస్తకాలు రెండు మూడు వినండి, ఏ రకం గొంతులు తీసుకుంటున్నారో తెలుస్తుంది. పని కుదిరాక డబ్బు పూర్తయిన ఆడియో గంటకా, అమ్మకాల్లో వాటానా అన్నది అడగండి. గంటకు అయితే ఎడిటింగ్ ఎవరిదో, మళ్లీ చదవాల్సొస్తే ఎన్నిసార్లు ఉచితమో కాగితం మీదకు రావాలి. ఒప్పందంలో మీ రికార్డింగులతో ఏఐ గొంతు తయారుచేసుకునే హక్కు రాసి ఉందేమో ప్రత్యేకంగా వెతకండి, ఉంటే ఆ షరతు తీసేయమనండి, తీయనంటే దానికి వేరే రేటు మాట్లాడుకోండి, ఇదంతా మొదటి అధ్యాయం రికార్డు చేయకముందే.