మీటరు బోర్డు దీపాలు – మూడో పాఠం: రంగు ఎక్కడుంది?

కిందటి పాఠంలో బండిలో స్పీడు చూపించే మీటరు బోర్డు విప్పి, బల్బుల్ని హోల్డర్లతో సహా పావు చుట్టు తిప్పి బయటికి తీశాం. ముందు నుంచి ఆకుపచ్చగా వెలిగే డయల్ వెనక కూడా చాలాసార్లు మామూలు గాజు బల్బే దొరుకుతుంది. మరి రంగు ఎక్కడుంది? బల్బుకు తొడిగిన రబ్బరు టోపీలోనో, మధ్యలో అమర్చిన రంగు ప్లాస్టిక్ ముక్కలోనో, డయల్ వెనక అద్దిన సిరాలోనో ఉంటుంది. బజారుకి వెళ్లే ముందు ఇది తేల్చుకోండి.

ఈ రంగు టోపీ, ముక్క, సిరా ఏదైనా ఫిల్టరే. అది వెలుగుకు రంగు కలపదు. తనకు పనికిరాని రంగుల్ని మింగేసి మిగిలినదాన్ని వదులుతుంది, అంతే. ఫిలమెంటు బల్బు వెలుగులో ఎరుపు, పసుపు దండిగా ఉంటాయి, నీలం బహు తక్కువ. దానికి నీలం టోపీ తొడిగితే బయటికి రావడానికి ఏం మిగులుతుంది? అంకెలు కనబడక కొందరు వాటేజీ పెంచుతారు. 3 వాట్ల బల్బూ, 5 వాట్లదీ ఒకే హోల్డరులో పడతాయి కానీ, పట్టింది కదా అని పెట్టకండి. ఆ వేడికి ప్లాస్టిక్ వంకర్లు పోతుంది.

ఎల్‌ఈడీ లెక్క వేరు. ఎర్ర ఎల్‌ఈడీ ఇచ్చేది దాదాపు ఎరుపే. ఆకుపచ్చ ఫిల్టరు వెనక పెడితే బోర్డు చీకటే. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో ఉండేది నీలం చిప్పు, దాని మీద పసుపు పూత. అందుకే నీలం ఫిల్టరులోంచి బాగా వస్తుంది, ఎర్ర ఫిల్టరు దగ్గర డీలా పడుతుంది. ఫిల్టరు ఉంచేట్టయితే అదే రంగు ఎల్‌ఈడీ కొనండి. వేరే రంగు కావాలంటే ముందు ఫిల్టరు తీసేయాలి. సిరా డయల్ మీదే ఉంటే దాని జోలికి పోవద్దు.

నమ్మకం కుదరకపోతే నీలం గాజు కాగితం (సెల్లోఫేన్) రెండు మడతలు వేసి, ఒకసారి పాత పసుపు బల్బు ముందు, ఒకసారి ఫోను టార్చి ముందు పట్టి చూడండి.

ఇక ఏ రంగు మంచిది? కొట్లో నీలమే చూపిస్తారు. నా ఓటు మాత్రం తగ్గించిన ఎరుపుకో, నారింజకో. రావులపాలెం దాటి ఏటిగట్టు మీద వీధిదీపాల్లేని చోట నడిపేవాళ్లకు చీకటికి అలవాటుపడ్డ చూపు ముఖ్యం. ఆ చూపు 500 నానోమీటర్ల దగ్గరి నీలి ఆకుపచ్చకు చురుగ్గా స్పందిస్తుంది, ఎరుపుకు చాలా తక్కువ. కళ్ల ముందు నీలం దేదీప్యమానంగా వెలుగుతుంటే గట్టు అంచు ఎక్కడుందో తెలియదు.

హెచ్చరిక దీపాల రంగులు మార్చకండి. ముఖ్యంగా బ్యాటరీ దీపం. చాలా పాత బళ్లలో బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు మేలుకోవడానికి కావలసిన కరెంటు ఆ బల్బులోంచే వెళుతుంది. ఎల్‌ఈడీ పెడితే ఒక్కోసారి ఛార్జింగే మొదలుకాదు.

అంతర్వేది, ఓడలరేవు వైపు బళ్లకు ఇంకో మాట. ఉప్పుగాలికి హోల్డరు రేకులకు చిలుం పడుతుంది. మసక వెలుగుకు అదే కారణం కావచ్చు, కాబట్టి ముందు బ్యాటరీ తీగ విప్పి, పెన్సిలు రబ్బరుతో రుద్ది చూడండి. కొత్త ఎల్‌ఈడీ అసలు వెలగకపోతే తిరగేసి పెట్టండి, ప్లస్ మైనస్ తారుమారై ఉంటుంది.

వచ్చే పాఠం డిమ్మరు గురించి. మీ బండిలో వెలుగు తగ్గించే చక్రం ఉందో లేదో ఈలోగా చూసి పెట్టుకోండి.