తెర మీద పిల్లిని నడిపించడం: పిల్లలకు స్క్రాచ్‌లో కదలికలు నేర్పే పద్ధతి

స్క్రాచ్ తెరవగానే తెల్లని వేదిక నడుమ నారింజ రంగు పిల్లి ఒకటి నిలబడి ఉంటుంది. దాన్ని చూసిన ఏ పిల్లవాడైనా మొదట అడిగేది దాన్ని ఎలా నడిపించాలనే. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి 2007లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన, ఆజ్ఞలు రాసి ఉన్న ముక్కలను (బ్లాకులను) పేర్చి ప్రోగ్రాములు తయారుచేసే ఈ ఉచిత సాధనం ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల వయసువారికి ఉద్దేశించినది. అంతకంటే చిన్నవారికి, అంటే 5 నుంచి 7 ఏళ్లవారికి, స్క్రాచ్ జూనియర్ వేరుగా ఉంది. కంప్యూటర్‌లో ఒకసారి దించుకుంటే స్క్రాచ్ ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది కాబట్టి, నెట్ సరిగా అందని ఊళ్లలోని బడులకు కూడా ఇది పనికివస్తుంది.

కదలికను నేర్పేటప్పుడు పెద్దలు గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన తేడా ఒకటుంది. 'ఉన్న చోటి నుంచి ఇంత జరుగు' అనేది ఒక రకం ఆజ్ఞ, 'ఫలానా చోటికి వెళ్లు' అనేది మరో రకం ఆజ్ఞ. పిల్లలు తికమకపడే సందర్భాల్లో చాలావరకు ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్ల వచ్చేవే. అందుకే ఈ తేడాను మొదటి రోజు నుంచే వారి అనుభవంలోకి తేవాలి. దీనితోపాటు ఒక నియమం కూడా పెట్టుకోవాలి: ఏ బ్లాకునైనా నొక్కే ముందు పిల్లి ఏం చేస్తుందో పిల్లవాడు నోటితో చెప్పాలి. చెప్పినది తప్పయినా ఫర్వాలేదు, చెప్పకుండా నొక్కడం మాత్రం వద్దు.

మొదటి పావుగంట కంప్యూటర్ జోలికే వెళ్లనవసరం లేదు. నేల మీద సుద్దముక్కతో ముగ్గుకు పెట్టినట్టు వరుసగా చుక్కలు పెట్టి, మధ్య చుక్క మీద ఒకరిని నిలబెట్టి, మిగిలినవారిని ఆజ్ఞలు ఇమ్మనండి. 'మూడు చుక్కలు ముందుకు', 'కుడికి తిరుగు', 'రెండు చుక్కలు ముందుకు' అంటూ నడిపిస్తున్నప్పుడు, తిరగడం వేరు, జరగడం వేరు అనే సంగతి వారికి దానంతట అదే తెలుస్తుంది. ఆజ్ఞలతో తాబేలును నడిపించే లోగో అనే కంప్యూటర్ భాషను 1967లో రూపొందించినవారిలో ఒకరైన సీమోర్ పాపర్ట్, పిల్లలు తమ శరీరాన్ని ఆ తాబేలు స్థానంలో ఊహించుకుని ఆలోచించగలరని గట్టిగా నమ్మారు. స్క్రాచ్ పిల్లికి ఆ తాబేలే పూర్వరూపం. తర్వాత ఎక్కడ చిక్కు వచ్చినా 'నువ్వే పిల్లివైతే ఇప్పుడు ఎటు చూస్తుంటావు?' అని అడిగి, లేచి నిలబడి చూడమనడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే బాగా పనిచేసే ఉపాయం.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి రండి. నీలం రంగు మోషన్ విభాగంలోని 'మూవ్ 10 స్టెప్స్' బ్లాకును నొక్కితే పిల్లి కాస్త ముందుకు జరుగుతుంది. ఇక్కడ అడుగు అంటే మన అడుగు కాదు, వేదికను కొలిచే చిన్న ప్రమాణం. వేదిక వెడల్పు 480 అడుగులు, ఎత్తు 360 అడుగులు. మధ్యలో ఉన్న పిల్లి నడిబిందువు కుడి అంచుకు చేరడానికి ఈ బ్లాకును ఎన్నిసార్లు నొక్కాలో ముందు ఊహించమనండి. 24 సార్లు అనే జవాబును నొక్కి లెక్కపెట్టి కనుక్కున్న పిల్లవాడికి 240 అనే సంఖ్య ఇక గుర్తుండిపోతుంది. ఆ తర్వాత 10 స్థానంలో మైనస్ 10 వేయిస్తే పిల్లి ముఖం తిప్పకుండానే వెనక్కి నడుస్తుంది. రుణ సంఖ్యలను పరిచయం చేయడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

తిరగడం నేర్పడానికి చతురస్రం ఒక్కటి చాలు. 'రిపీట్ 4' లోపల 'మూవ్ 100 స్టెప్స్', కుడికి 90 డిగ్రీలు తిరిగే బ్లాకు పెట్టి నొక్కితే, పిల్లి చటుక్కున తిరిగి మొదటి చోటికే వచ్చేస్తుంది కాబట్టి పిల్లలు 'ఏమీ జరగలేదు' అంటారు. లోపల 'వెయిట్ 1 సెకండ్స్' చేరిస్తే ఒక్కొక్క భుజమూ కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్లు అనే అదనపు బ్లాకుల నుంచి పెన్ తెచ్చుకుని 'పెన్ డౌన్' పెడితే గీత కూడా పడుతుంది. తర్వాత త్రిభుజం గీయమనండి. లోపలి కోణం 60 డిగ్రీలని బడిలో నేర్చుకున్నవారు నేరుగా 60 వేస్తారు, మూడు భుజాలు గీసినా బొమ్మ మూసుకోదు. సరిదిద్దవద్దు, 'రిపీట్ 3'ని 6 చేసి చూడమనండి, షడ్భుజి వస్తుంది. అప్పుడు నేల మీద త్రిభుజాకారంలో నడిపిస్తే, మొదలుపెట్టిన వైపుకే మళ్లీ ముఖం పెట్టేసరికి మొత్తం ఒక చుట్టు, అంటే 360 డిగ్రీలు తిరిగామని, అందులో మూడో వంతు 120 అని, పిల్లి తిరిగేది బాహ్య కోణమని వారే గ్రహిస్తారు.

రెండో రకం ఆజ్ఞకు స్థానం తెలియాలి. వేదిక మధ్యబిందువు దగ్గర ఎక్స్, వై రెండూ సున్నాలే. ఎక్స్ ఎడమ అంచున మైనస్ 240, కుడి అంచున 240. వై అడుగున మైనస్ 180, పైన 180. మన రాష్ట్రాల బడుల్లో నిరూపక జ్యామితి తొమ్మిదో తరగతి దాకా రాదు, అయినా మూడో తరగతి పిల్లవాడు కూడా దీన్ని భయం లేకుండా వాడతాడు. పిల్లిని మౌస్‌తో పట్టుకుని అటూ ఇటూ లాగుతూ కింద మారుతున్న సంఖ్యలను గమనించమంటే చాలు, సిద్ధాంతం చెప్పనవసరం లేదు. ఆ తర్వాత 'సెట్ ఎక్స్ టు 50', 'చేంజ్ ఎక్స్ బై 50' అనే రెండు బ్లాకులను పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటి ఐదేసి సార్లు నొక్కించండి. మొదటిది ఎన్నిసార్లు నొక్కినా పిల్లి ఒకే చోట ఉంటుంది, రెండోది నొక్కినకొద్దీ జరుగుతుంది. నేను మొదట చెప్పిన తేడా ఇక్కడ కళ్లకు కడుతుంది.

ఈ దశలోనే ఒక మంచి అలవాటు చేయించాలి. వేదిక పైన ఉండే పచ్చజెండా గుర్తు నొక్కగానే పనిచేసే వరుసలో మొదట 'గో టు ఎక్స్ 0, వై 0', 'పాయింట్ ఇన్ డైరెక్షన్ 90' ఉండాలి. స్క్రాచ్‌లో 90 అంటే కుడి, 0 అంటే పైకి, మైనస్ 90 అంటే ఎడమ, 180 అంటే కిందికి. ఈ రెండు బ్లాకులూ లేకపోతే పిల్లి కిందటిసారి ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. నిన్న చక్కగా ఆడిన ఆట ఈరోజు ఎందుకు పాడైందో తెలియక పిల్లవాడు బెంగపడతాడు.

ఎడతెగని నడకకు, లోపల పెట్టినదాన్ని ఆపకుండా మళ్లీ మళ్లీ చేయించే 'ఫరెవర్' కావాలి. దాని లోపల 'మూవ్ 10 స్టెప్స్' పెడితే పిల్లి మెరుపులా అంచుకు పోతుంది, ఎందుకంటే ఫరెవర్ సాధారణంగా సెకనుకు 30 సార్లు తిరుగుతుంది, అంటే 300 అడుగులు. వేగం తగ్గించమంటే చాలామంది వెయిట్ బ్లాకు పెడతారు, నడక కుంటుతుంది. 10ని 3 చేయడమే సరైన మార్గం. కింద 'ఇఫ్ ఆన్ ఎడ్జ్, బౌన్స్' చేర్చగానే పిల్లి గోడను తాకి వెనుదిరుగుతుంది, కానీ తలకిందులుగా. ఆ నవ్వుల మధ్య కాస్త ఆగండి. ముఖం ఎడమకు తిప్పడానికి పిల్లి బొమ్మ 180 డిగ్రీలు తిరిగిందని, అందుకే కాళ్లు పైకి వచ్చాయని వారి చేతే చెప్పించి, అప్పుడు పిల్లిని తలకిందులు కానివ్వకుండా ఎడమకూ కుడికీ మాత్రమే తిప్పే 'సెట్ రొటేషన్ స్టైల్ లెఫ్ట్-రైట్' చూపించండి. ముందే చెప్పేస్తే అది ఒట్టి సూచనగానే మిగిలిపోతుంది.

బాణపు మీటలతో నడిపించడం పిల్లలు ఎంతో ఎదురుచూసే ఘట్టం. సులువైన దారి 'వెన్ రైట్ యారో కీ ప్రెస్డ్' కింద 'చేంజ్ ఎక్స్ బై 10' పెట్టడం, మొదటి రోజుకు అది చాలు. కానీ మీట నొక్కి పట్టుకుంటే పిల్లి ఒకసారి కదిలి, క్షణం ఆగి, ఆపై గబగబా పోతుంది. అక్షరం మీట నొక్కి పట్టినప్పుడు మొదట ఒక్క అక్షరం పడి, కాసేపటికి వరుసగా పడటానికి ఏది కారణమో దీనికీ అదే కారణం. ఈ తడబాటును పిల్లవాడే గమనించి ఫిర్యాదు చేసే వరకు ఆగండి. అప్పుడు పచ్చజెండా కింద ఒక ఫరెవర్ పెట్టి, దాని లోపల ఒక్కో దిక్కుకు ఒక 'ఇఫ్' పెట్టి, దానిలో సెన్సింగ్ విభాగంలోని 'కీ రైట్ యారో ప్రెస్డ్' ప్రశ్నను అమర్చించండి. సెకనుకు 30 సార్లు 'మీట నొక్కి ఉందా?' అని అడుగుతూ ఉంటుంది కాబట్టి నడక నున్నగా సాగుతుంది, రెండు మీటలు కలిపి నొక్కితే ఐమూలగా కూడా పోతుంది. ఎడమకు మైనస్ పెట్టడం మరచిపోయి రెండు మీటలకూ పిల్లి కుడికే పోవడం తరచుగా జరిగే పొరపాటు. దాన్ని వెతికి పట్టుకునే పని వారిదే, మౌస్ మీ చేతిలోకి తీసుకోకండి.

కాళ్లు కదలడానికి 'నెక్స్ట్ కాస్ట్యూమ్' ఉంది. పిల్లికి రెండు వేషాలు ఉంటాయి, అవి మారుతుంటే నడిచినట్టు కనిపిస్తుంది. దీన్ని 0.1 సెకను వెయిట్‌తో కలిపి వేరే పచ్చజెండా కింద, వేరే ఫరెవర్‌లో పెట్టించండి. నడక వరుసలోనే పెడితే ఆ వెయిట్ నడకను కూడా ఆపుతుంది.

ఇక గెంతు. పిల్లలు మొదట 'చేంజ్ వై బై 100', దాని కిందే 'చేంజ్ వై బై మైనస్ 100' పెట్టి, పిల్లి గెంతడం లేదంటారు. నిజానికి అది గెంతింది. తెర మళ్లీ గీయబడేలోపే రెండు ఆజ్ఞలూ పూర్తయ్యాయి కాబట్టి కంటికి ఆనలేదు. 'రిపీట్ 10' లోపల పదేసి అడుగులు ఎక్కించి, మరో 'రిపీట్ 10'లో దించితే గెంతు కనిపిస్తుంది, కానీ లిఫ్టులో ఎక్కి దిగినట్టు ఉంటుంది. బంతిని పైకి విసిరి చూపించి, అది పైకి పోయేకొద్దీ నెమ్మదించి, కిందికి వచ్చేకొద్దీ వేగం అందుకుంటుందని వారిచేత అనిపించండి. అప్పుడు 'వేగం' అనే పేరుతో ఒక వేరియబుల్ (మారే సంఖ్యను దాచుకునే పెట్టె లాంటిది) చేసి, దాన్ని 12గా నిర్ణయించి, 'రిపీట్ 25' లోపల మొదట 'చేంజ్ వై బై వేగం', తర్వాత 'చేంజ్ వేగం బై మైనస్ 1' పెట్టించండి. పిల్లిని జరిపే వేగం 12 నుంచి ఒక్కొక్కటిగా తగ్గి సున్నాను దాటి మైనస్ 12 దాకా వస్తుంది, పిల్లి 78 అడుగులు లేచి సరిగ్గా మొదటి చోటనే వాలుతుంది. 12 నుంచి 1 వరకు కూడి ఆ 78 ఎక్కడిదో కాగితం మీద చూడమనండి. ఆపై 12ను 15 చేయమని, నొక్కే ముందు పిల్లి ఎంత ఎత్తు లేస్తుందో, 25 స్థానంలో ఎంత వేస్తే నేలకు తిరిగి వస్తుందో చెప్పమని అడగండి. 120, 31 అని లెక్కకట్టి చెప్పాక పచ్చజెండా వారినే నొక్కనివ్వండి.