దయ్యంతో నవ్వించడం - 5వ పాఠం: ఒకే మాట ఇద్దరికీ తగలాలి

పోయినసారి ఒక పేజీ సీను రాయమన్నాను. హాల్లోకి దయ్యం రావాలి, చదివినవాళ్లు నవ్వాలి, అంతే. వచ్చినవాటిలో సగానికి పైగా గజ్జెల చప్పుడుతో మొదలయ్యాయి. తలుపు కిర్రుమంది, కరెంటు పోయింది, కుక్క ఏడ్చింది. ఒకరి దయ్యమైతే వాయిదా అడగడానికొచ్చిన బ్యాంకు మేనేజర్ని కప్పను చేసేసింది. నవ్వాను గానీ, నవ్వాల్సిన చోట కాదు.

తప్పు నాదీ ఉంది. "దయ్యానికో నియమం పెట్టండి" అని వదిలేశాను. ఆ నియమం ముందు దయ్యాన్నే ఇరుకున పెట్టాలని చెప్పలేదు. 1937 నాటి 'టాపర్' సినిమా చూడండి. కేరీ గ్రాంట్, కాన్‌స్టన్స్ బెనెట్ జల్సా దంపతులు. కారు ప్రమాదంలో పోతారు. బతికుండగా ఒక్క మంచి పనీ చేయలేదు, పైలోకంలోకి ఎలా రానిస్తారు? అందుకని గడియారం ముల్లులా బతికే బ్యాంకు పెద్దమనిషి టాపర్‌కి సరదా నేర్పుదామని పూనుకుంటారు. అదే వాళ్ల పుణ్యకార్యం! పైగా కంటికి కనిపించాలంటే వాళ్లలో ఉన్న ఎక్టోప్లాజం, అంటే దయ్యానికి రూపమిచ్చే పదార్థం, ఖర్చవుతుంది. ఫోన్ చార్జింగ్ లాగా పొదుపుగా వాడుకోవాలి. అలాంటి దయ్యాన్ని చూసి ఎవరు భయపడతారు? 1942లో రెనె క్లేర్ తీసిన 'ఐ మ్యారీడ్ ఎ విచ్'లో మంత్రగత్తె పగ తీర్చుకుందామని వశీకరణ మందు కలిపి, చివరికి తనే తాగేస్తుంది. మన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నంతసేపూ పెళ్లికూతురిలా సిగ్గుపడక తప్పదు. సావిత్రి నటనలో సగం నవ్వు అక్కడిదే.

దయ్యం తెర మీద ఎలా మాయమవ్వాలో నేను చెప్పను. అది కెమెరా వాళ్ల తలనొప్పి.

నా తలనొప్పి వేరే ఉంది: "ఎవరితో మాట్లాడుతున్నారండీ?" ఈ డైలాగు ఒక్కో సీనులో నాలుగైదుసార్లు కనిపించింది. దయ్యం మాట్లాడుతుంది, హీరో జవాబిస్తాడు, భార్య ఈ ప్రశ్న వేస్తుంది, హీరో నీళ్లు నములుతాడు. మళ్లీ అదే. 1945 నాటి 'బ్లైత్ స్పిరిట్'లో రచయిత చార్లెస్‌కి ఏడేళ్ల కిందట పోయిన మొదటి భార్య ఎల్వైరా కనిపిస్తుంది, వినిపిస్తుంది. రెండో భార్య రూత్‌కి ఏదీ లేదు. ఎల్వైరాని అతను కసిరితే ఆ కసురు రూత్‌కి తగులుతుంది. ఎవరితో అంటున్నాడని ఆమె ఆరా తీయదు, తననే అన్నాడని మండిపడుతుంది. ఈ సినిమాల రుచంతా ఇక్కడే ఉంది. దయ్యానికి పోయే పరువేమీ లేదు, పోయేదంతా బతికున్నవాడి పరువే.

తెలుగులో ఇలా:

భార్య: కాఫీ బాగుందా?
దయ్యం: నా చీర కట్టుకుంది, చూశావా?
భర్త: పాతదైపోయిందిలే.
భార్య: ఇప్పుడే తీసిన డికాక్షనండీ! పాతదంటారేంటి?
దయ్యం: నా వైపు చూసి మాట్లాడు.
భర్త: నువ్వున్నావనే ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నా.

భార్య కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోతుంది. "ఎవరితో" అనే మాట అవసరం పడిందా?

ఇప్పుడు భార్య బదులు అత్తగారిని కూర్చోబెట్టండి. ఇంగ్లీషు వాళ్లకి అందరికీ ఒకటే 'యూ', హాయి. మనకి క్రియ చివరే గుట్టు బయటపడుతుంది. దయ్యాన్ని "నోర్ముయ్" అంటే అత్తగారు ఉలిక్కిపడతారు, బాగానే పేలుతుంది. రెండోసారి అంటే మాత్రం హీరో మోటువాడైపోతాడు. అందుకే నేను తోక లేని మాటలు వాడతాను: చాలు, వద్దు, తెలుసు, ఇప్పుడెందుకు, అక్కర్లేదు. వీటికి నువ్వూ లేదు, మీరూ లేదు. ఇంకో సౌకర్యం ఉంది. "పోయిందా?" అంటే ఆడదయ్యమూ కావచ్చు, అత్తగారి తలనొప్పీ కావచ్చు. మగదయ్యమైతే "పోయిందా" అనలేం, "పోయాడా" అనాలి, ఆ 'డా' రాగానే ఆట ముగుస్తుంది. నా దయ్యాలన్నీ ఆడవాళ్లే కావడానికి కారణం ఇదే, ఇంకేమీ ఊహించుకోకండి.

అభ్యాసం: రెండు పేజీలు. దయ్యం, భర్త, భార్య, అత్తగారు, నలుగురూ చివరిదాకా హాల్లోంచి కదలకూడదు. "ఎవరితో" నిషేధం. దయ్యం మాటలు పెన్సిలుతో, మిగతావి పెన్నుతో రాయండి. తర్వాత పెన్సిలు చెరిపేసి ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. మామూలు సంసారపు గొడవే అనుకుని విన్నారా, సీను పాసు. మధ్యలో "అదేంటి?" అన్న ప్రతిచోటా తిరగరాయండి. నాకు సాధారణంగా ఆరేడుసార్లు పడుతుంది.

కప్పని రాసినవారు కప్పని ఉంచుకోవచ్చు. కాకపోతే అది సోమవారం పొద్దున బ్యాంకుకి వెళ్లాలి, చెక్కుల మీద సంతకాలు పెట్టాలి, మీ వాయిదా గురించి మళ్లీ అడగాలి.