ఉదయగిరి రోడ్డులో బండి పంక్చరైతే

నెల్లూరు టౌన్లో పంక్చర్ షాపులకు కొదవ లేదు. ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు రాత్రిపూట వెళ్లేవాళ్లు మాత్రం ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చేతిపంపు, ప్లగ్ స్పానర్, స్పేర్ ఫ్యూజులు, టార్చిలైటు బండిలోనే పెట్టుకోవాలి.

గాలి దిగుతోందనిపిస్తే బ్రేకు గట్టిగా పట్టొద్దు. యాక్సిలరేటర్ వదిలి, వేగం తగ్గాక తారు రోడ్డు పూర్తిగా దిగి ఆపండి. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయొచ్చు.

మేకు పీకే ముందు ఏ వాలుగా దిగిందో చూసుకోండి. మేకు పీకాక, కిట్‌లోని గరుకు సూదిని అదే వాలులో నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించాలి. చాలామంది బద్ధకించేది ఇక్కడే. రంధ్రం గరుకెక్కకపోతే దాన్ని మూసే రబ్బరు స్ట్రిప్పు నిలవదు. స్ట్రిప్పును కంటిసూదికి (కొసన కన్నమున్న సూది) మధ్యలో ఎక్కించి, కొసలు సెంటీమీటరు బయట మిగిలేలా రంధ్రంలోకి దించి, సూదిని తిప్పకుండా ఒక్క ఊపున లాగండి. గాలి కొట్టి, తడి చేసి చూడండి. బుడగలొస్తే ఇంకో స్ట్రిప్పు. టైరు పక్కగోడకు తూటు పడితే ఈ వైద్యం వద్దు, ట్రాలీ ఆటోనే దిక్కు. ట్యూబు టైరుకు ఈ కిట్ దండగ.

ఫ్యూజు పోతే అదే ఆంపియర్ది వేయండి. 10 బదులు 20 వేస్తే ఫ్యూజు బతుకుతుంది, వైరింగ్ కాలుతుంది.

గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. మన ఎండల్లో తిరిగొచ్చిన టైరు ఎక్కువ ప్రెషర్ చూపిస్తుంది. అది నమ్మి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది.