ఇంజిన్ లైట్ వెలుగుతున్న పాత కారు: నా అనుభవం

నల్లగొండలో ఒక పాత పెట్రోల్ కారు నాకు బాగా నచ్చింది. మీటర్‌లో ఇంజిన్ గుర్తు మాత్రం పసుపు రంగులో వెలుగుతూనే ఉంది. "సెన్సార్‌దే అన్నా, ఏం కాదు" అన్నాడు అమ్మే అతను. ఆ ఒక్క మాట మీద అంత డబ్బు ఎలా పెడతాం?

దేవరకొండ రోడ్డులో తెలిసిన మెకానిక్ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్లాం. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే చోటు) స్కానర్ పెడితే పి0171 కోడ్ వచ్చింది. లోపలికి పోయే గాలికి సరిపడా పెట్రోల్ అందట్లేదని దాని అర్థం. ఈ కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సార్ మార్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మా మెకానిక్ తొందరపడలేదు. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే లెక్క, చూపించాడు. బండి ఐడిల్‌లో ఉంటే అది బాగా ఎక్కువ, రేస్ ఇస్తే తగ్గిపోతోంది. అంటే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతోంది. బానెట్ ఎత్తి వింటే సన్నగా బుస్సుమంటోంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాలకు) పోయే వాక్యూమ్ పైపు ఎండకు, వేడికి గట్టిపడి, క్లిప్పు దగ్గర చీలింది. వేలు అడ్డం పెడితే చప్పుడు ఆగింది!

పైపు మార్చి, కోడ్ చెరిపేశాం. అయినా వెంటనే డబ్బులివ్వలేదు. కోడ్ చెరిపితే లైట్ ఎలాగూ కాసేపు ఆరుతుంది. మిర్యాలగూడ దాకా నడిపి, స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లన్నీ (బండి తన భాగాల మీద తానే చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయని చూసుకున్నాకే బేరం ఖాయం చేశాను. పైపు ఖర్చు అతనే పెట్టుకున్నాడు.

ఇదే లైట్ టపటపా కొట్టుకుంటుంటే మాత్రం అది మిస్‌ఫైర్, అంటే ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదు. అలాగే నడిపితే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది, దాని ఖర్చు మామూలుగా ఉండదు.