పాత మారుతి 800లో ఆయిల్ ఎటు పోతోంది?

కార్బురేటర్ కాలపు మారుతి 800లో ఇంజిన్ ఆయిల్ తగ్గుతోందని చెప్పగానే చాలా షెడ్డుల్లో వినిపించే మాట ఒక్కటే: పిస్టన్ రింగులు పోయాయి, బోరింగ్ (అరిగిన సిలిండర్లను లోపల తొలిచి సరిచేయడం) చేయించాలి. ఆ మాట కొన్నిసార్లు నిజమే అయినా, ఇంజిన్ విప్పడానికి ఒప్పుకునే ముందు ఆయిల్ బయటికి కారుతోందా, లోపల కాలుతోందా, లేక దానిలో మరేదైనా కలుస్తోందా అన్నది యజమాని చాలావరకు స్వయంగా తేల్చుకోవచ్చు. అందుకు ఒక పాత గుడ్డ, పెద్ద అట్టముక్క, నోటుపుస్తకం, రెండు మూడు వారాల ఓపిక ఉంటే చాలు.

మొదట మట్టం చూడాలి. బండిని చదునైన చోట నిలిపి, ఉదయం స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీస్తే సరైన మట్టం తెలుస్తుంది. ఆ మట్టాన్ని మీటరులోని కిలోమీటర్లతో పాటు రాసుకోవాలి; ఆయిల్ పోసిన ప్రతిసారీ ఎన్ని మిల్లీలీటర్లు పోశారో కూడా రాయాలి. ఈ లెక్క లేకుండా "బాగా తాగుతోంది" అనడం వల్ల మెకానిక్‌కు తెలిసేది ఏమీ ఉండదు.

ఆయిల్ నల్లబడినంత మాత్రాన అది లోపం కాదు, మసిని తనలో పట్టి ఉంచడం కూడా దాని పనే. అయితే పెట్రోలు వాసన వేస్తూ, పలచబడి, మట్టం తగ్గకపోగా పెరుగుతుంటే మాత్రం వెంటనే పట్టించుకోవాలి. ఈ కార్లలో మెకానికల్ పెట్రోలు పంపు డయాఫ్రమ్ (లోపలి పలచటి పొర) చిరిగితే పెట్రోలు ఛాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, దిగవచ్చు. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు కాబట్టి, నా దృష్టిలో మట్టం తగ్గడం కంటే పెరగడమే ప్రమాదకరం.

ఆయిల్ మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగులో నురగ కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. వానాకాలంలో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో లోపలి తేమ అలా పేరుకుంటుంది. ఒక ముప్ఫై కిలోమీటర్లు ఆపకుండా నడిపితే చాలావరకు పోతుంది. అదే రంగు డిప్‌స్టిక్ మీద కూడా కనిపించి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాకుకు, దాని పై భాగమైన హెడ్‌కు మధ్య ఉండే ప్యాకింగ్‌ను) అనుమానించి బండిని నడపడం ఆపేయాలి.

కారడాన్ని పట్టుకోవడానికి రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరచాలి. ఆయిల్ కిందికి జారుతూ, నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది కనుక, చుక్క పడిన చోటికి సరిగ్గా పైనే లోపం ఉందనుకోకూడదు. ఇంజిన్‌ను శుభ్రంగా కడిగి ఆరబెట్టి, ఇరవై కిలోమీటర్లు నడిపి, పైనుంచి కిందికి వెతకాలి. ఇంజిన్ పైన ఉండే టాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి కారిన ఆయిలే, గేర్‌బాక్స్ వైపు ఉండే వెనక క్రాంక్ సీల్ పోయిందన్న భ్రమ కలిగించవచ్చు. మొదటిది చవక పని, రెండోదానికి గేర్‌బాక్స్ దించాలి. సీల్స్ మార్చే ముందు ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి పంపే బ్రీదర్ పైపు మూసుకుపోలేదని కూడా చూసుకోవాలి, ఎందుకంటే లోపల ఒత్తిడి పెరిగితే కొత్త సీల్ కూడా కారుతుంది.

ఎక్కడా కారిన జాడ లేకుండానే మట్టం తగ్గుతుంటే ఆయిల్ చాలావరకు లోపల కాలుతున్నట్టే. అప్పుడు నీలిపొగ ఎప్పుడు వస్తుందన్నదే అసలు ఆధారం. రాత్రంతా నిలిచిన బండి స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి ఆగిపోతే, లేదా వంతెన దిగుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు వస్తే, వాల్వుల పక్క నుంచి ఆయిల్ సిలిండర్‌లోకి దిగకుండా ఆపే వాల్వ్ సీల్స్ అరిగి ఉండవచ్చు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఎడతెగకుండా వస్తే రింగుల మీద అనుమానం బలపడుతుంది. నా 1998 మోడల్ బండికి ఒక షెడ్డులో బోరింగ్ తప్పదన్నారు. పొగ ఉదయం అర నిమిషమే వస్తోందని రాసుకున్నాను కాబట్టి కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పటి ఒత్తిడి) చూడమని పట్టుబట్టాను. మూడు సిలిండర్లూ దాదాపు సమానంగా చూపాయి. వాల్వ్ సీల్స్ మార్చగానే పొగ ఆగింది. ఒక సిలిండర్ మిగిలినవాటికంటే బాగా తక్కువ చూపితే, అందులో ఒక చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలవాలి: అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్.

ఇక డ్యాష్‌బోర్డు మీది ఎర్ర ఆయిల్ దీపం మట్టాన్ని కాదు, ఒత్తిడిని చెబుతుంది. నడుస్తుండగా వెలిగితే ఇంటిదాకా వెళ్లిపోదామనుకోకుండా పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి. వేడెక్కిన తరువాత ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) మాత్రమే మిణుకుమంటుంటే, మట్టం సరిచూసి, ఆ దీపాన్ని వెలిగించే స్విచ్ చోట ఒత్తిడి గేజ్ బిగించి కొలిపించాలి. చెడింది స్విచ్ మాత్రమే కావచ్చు. కొలవకుండా చిక్కటి ఆయిల్ పోస్తే దీపం ఆరుతుంది గానీ అరుగుదల ఆగదు. గేజ్ కూడా తక్కువే చూపితే ఛాంబర్ దించి, ఆయిల్ పంపు జాలీని, బేరింగులను చూడక తప్పదు.