కమిట్ మెసేజ్‌కు ముందు పాత లాగ్ చూడండి

కాజీపేటలో రైలు అందుకునే తొందరలో ఓ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ప్యాచ్ (కోడ్ మార్పు) పంపి, ఆ మార్పు గురించి చెప్పే కమిట్ మెసేజ్‌లో ‘బగ్ ఫిక్స్’ అని రెండు ముక్కలు కొట్టేశాను. కోడ్ బాగుంది, మెసేజ్ మార్చమని తిప్పి పంపారు. న్యాయమే. ఏ బగ్గో ఎవరికి తెలుస్తుంది?

అప్పటి నుంచి ఏ ప్రాజెక్టులోనైనా ముందు గిట్ లాగ్ (పాత మార్పుల చిట్టా) తీసి చివరి 20 కమిట్లు చదువుతున్నాను. కొందరు మొదట ‘ఫిక్స్’, ‘ఫీట్’ (ఫీచర్) అని పెడతారు, లినక్స్ కెర్నల్ వాళ్లు మార్పు జరిగిన భాగం, అంటే సబ్‌సిస్టమ్ పేరు పెడతారు. వాళ్ల పద్ధతే మనదీ.

మొదటి లైన్ 50 అక్షరాల దగ్గర ఆపండి. తర్వాత ఒక ఖాళీ లైన్. అది మర్చిపోతే, లాగ్‌ను కమిట్‌కు ఒక్క లైన్ చూపే వన్‌లైన్‌లో చూసినప్పుడు శీర్షిక, వివరణ కలిసిపోయి చాంతాడంత కనిపిస్తాయి. వివరణలో ఏం మార్చారో కాదు, ఎందుకు మార్చారో రాయండి. మార్పు ఎలాగూ డిఫ్‌లో (పాత, కొత్త కోడ్‌ల తేడాలో) ఉంటుంది. ‘నల్ చెక్ పెట్టాను’ కన్నా ‘తేదీ ఖాళీగా వస్తే యాప్ ఆగిపోతోంది’ అన్నది పనికొస్తుంది. ఆర్నెల్లకు గిట్ బ్లేమ్ (ఏ లైన్ ఎవరు మార్చారో చూపే కమాండ్) కొట్టి తల పట్టుకునేది చాలాసార్లు మనమే.

పుష్ చేయకముందే (సర్వర్‌కు పంపకముందే) తప్పు కనబడిందా, టెన్షన్ లేదు, చివరి కమిట్‌ను మార్చే అమెండ్‌తో సరిచేసుకోవచ్చు.